దాతయే నాయకుడైన నాడు: విజయానంద గజపతి చరిత్రము

గుంటూరునుండి చిలకలూరిపేటకు బోవు బాటలో, కొండవీటి కొండల చేరువ, ఎడ్లపాడు గ్రామము కలదు. పేరులోనే యెడ్లు వినబడు నా యూరివారికిని, పల్నాటి రైతులకును బండలాగుడు పందెమన నేమో మేము వివరింప నక్కరలేదు. ఏర్పరచిన కాలములో నే జత బండ నెక్కువ దూరము లాగునో ఆ జత గెలిచినట్లు. ఎడ్ల బలిమికిని, రైతు మేపునకును, తోలువాని నేర్పునకును అది పరీక్ష. ఇందు తగవునకు చోటు లేదు. తగవు పుట్టుట యొక్కచోటనే. బహుమతి నిచ్చిన ఆసామి తన యెడ్లనే బరిలోనికి దింపి, దూరము కొలుచు టేపును తన మనుష్యుల చేతికే యిచ్చినచో, ఆ కొలత నిజమైనదే యయినను గట్టుమీది జనములో నొక్కడును దానిని నమ్మడు. ఓడిన రైతు తన యెడ్లను తోలుకొని యింటికి బోవును; మరుసటి యేడు రాడు. కొన్ని యేండ్లకు బహుమతి మిగులును గాని పందెము మిగులదు.

ఒక కోడిపందెము పల్నాటి వీరచరిత్రలో నెట్టి యనర్థమునకు దారితీసెనో యీ సీమలో పిల్లవాండ్రకు సైతము తెలియును. ఓడినవారు ఏడేండ్లు నాడు విడిచి పోవలెనని యొడంబడిక. నాగమ్మ గెలిచిన గెలుపులో మోసమున్నదని కథ చెప్పువారు నేటికిని చెప్పుదురు. రాజ్యము నడపువారే పందెము కాయువారైన చోట, మోసము నిజమో కాదో తేల్చు మధ్యవర్తి యెవడు? తేలని యా సందేహమే కారెంపూడి రణభూమిదాక నడచినది.

ఆటలకు లోకమంతటను పెద్దలైనవారి నడవడి యిప్పుడెల్లరకు దెలిసినదే. ఒలింపిక్ క్రీడలను తమ పట్టణమునకు తెచ్చుకొనుటకై అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీవారు కానుకలు పంచిన వృత్తాంతము 1998 చివర బయటపడగా, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1999లో తన సభ్యుల నార్గురిని బహిష్కరించెను. 2015 మే 27వ తేదీని ఫుట్‌బాల్ ప్రపంచ సంఘపు పెద్దలను జూరిచ్ నగరపు హోటలులో స్విస్ పోలీసులు తెల్లవారుజామున నిర్బంధించిరి. పరుగుపందెముల యంతర్జాతీయ సంఘమునకు పదునారేండ్లు అధ్యక్షుడుగా నుండిన లామిన్ డియాక్‌ను పారిస్ న్యాయస్థానము 2020లో లంచగొండితనమునకు శిక్షించెను.

ఇవి పరదేశపు పాపములని మనము చేతులు దులుపుకొనుటకు వీలులేదు. లంచమను మాట వినబడక పూర్వమే, మర్యాదగల వేరొక పేరుతో, ఇట్టి యధికారపు బేరము మన దేశపు క్రికెట్టులో జరిగినది. అందు ముఖ్యుడు తెలుగువాడు; అందువలన నష్టపడినవారిలో నొకడును తెలుగువాడే. మనవాడగుటచే దోషమును దాచుట భాషాభిమానము కాదు; దోషమున్నదని గుణమును మఱచుటయు న్యాయము కాదు. కావున విజయనగర రాజకుమారుడగు విజయానంద గజపతి చరిత్రమును నేడు మా పాఠకుల ముందుంచుచున్నాము.

పూసపాటి విజయానంద గజపతిరాజు 1905 డిసెంబరు 28వ తేదీని జన్మించెను. విజయనగర సంస్థానాధిపతి విజయరామ గజపతిరాజునకు ఈయన రెండవ కుమారుడు. జ్యేష్ఠుడు కాకపోవుటచే గద్దె ఈయనకు రాలేదు. మహారాజకుమారుడను పేరుమాత్రము కడదాక నిలిచినది. అజ్మీరులోని మేయో కళాశాలయందును, ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలయందును చదువుకొనెను. 1922లో తండ్రి గతించి అన్నగారు సంస్థానమునకు వచ్చిన పిమ్మట, తమ వంశమువారికి కాశీలో గల యెస్టేటునకు పోయి యచ్చటనే స్థిరపడెను. కాశీపూరు సంస్థానాధిపతి కూతును వివాహమాడెను. వేటయందును టెన్నిసునందును ఈయనకు ప్రీతి మెండు. క్రికెట్టునందుండినది ప్రీతి కాదు, వ్యసనము. క్రీడాలోకము ఈయనను విజ్జీ యని పిలిచెను. ఆ పేరే దేశమంతట వాడుకయయ్యెను.

గద్దె లేని రాజకుమారునకు ఆటయే రాజ్యమయ్యెను. 1926లో కాశీలోని తన భవనపు టావరణలో మైదానమును సిద్ధము చేయించి, సొంత జట్టు నొకదానిని గూర్చెను. ఆంగ్లేయ క్రికెట్టునకు పీఠమగు మెరిలిబోన్ క్లబ్బువారు 1930–31 శీతకాలమున మన దేశమునకు జట్టును పంపవలసియుండెను. శాసనోల్లంఘనోద్యమమును జూచి వారు రాక మానుకొనిరి. అప్పుడు విజ్జీ తన ధనముతో తన జట్టునే దేశమంతటను, సింహళద్వీపమునకును నడిపించెను. అందుకై ఇంగ్లండునుండి జాక్ హాబ్సును, హెర్బర్టు సట్‌క్లిఫ్‌ను రప్పించెను. ఆట నారంభించు జోళ్లలో వారిని మించిన జోడు ఆనాడు ప్రపంచమున లేదు. ఆ సంవత్సరముననే మన జిల్లాల సత్యాగ్రహులు చెరసాలలు నింపుచుండిరన్నది మఱవరాదు. హాబ్సు ఆటను మన యువకులు కన్నులార జూచుట ఈ రాజకుమారుని ధనమువలననే కలిగినదనుటయు మఱవరాదు. 1934లో జార్డీన్ నాయకత్వమున వచ్చిన ఆంగ్లేయ జట్టును విజ్జీ జట్టు కాశీలో 14 పరుగుల తేడాతో నోడించెను. ఆ యాత్రలో ఆంగ్లేయులకు కలిగిన యోటమి యదొక్కటియే.

ఆనాటి క్రికెట్టు పరిపాలన యెట్టిదో కొంచెము తెలిసికొననిదే తరువాతి కథ బోధపడదు. 1909లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలు కలిసి లండనులోని లార్డ్సు మైదానమున ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్సును స్థాపించుకొన్నవి. 1926లో మన దేశమునకు అందు చోటు దొరకెను. ఆ యేడు డిసెంబరు 1వ తేదీని బొంబాయిలో కొట్టారి కనకయ్య నాయుడు ఆంగ్లేయుల బంతులను పదునొకండు పర్యాయములు సిక్సరు గొట్టి 153 పరుగులు చేసెను. మనవారు తమతో సమానముగా నాడదగినవారని ఆంగ్లేయులకు తోచుటకు ఆ యాట గొప్ప కారణమయ్యెను. నాయుడుగారు 1895లో నాగపురమున పుట్టినను ఆయన పెద్దలు మచిలీపట్టణమువారు. పిదప 1928 డిసెంబరులో మన దేశపు క్రికెట్ బోర్డు ఏర్పడెను.

బోర్డునకు పేరు గొప్ప, పెట్టె ఖాళీ. జట్టును ఓడ యెక్కించి ఇంగ్లండునకు పంపవలెనన్న సొమ్ము కావలెను. సొమ్ము రాజులయొద్ద నున్నది. ఒకవైపు పాటియాలా మహారాజు భూపిందర్ సింగును, మఱొకవైపు విజ్జీయు సంచులు విప్పిరి. విజ్జీ బోర్డునకు యాబదివేల రూపాయలిచ్చెను. అందు పెద్దభాగము 1932 ఇంగ్లండు యాత్రకొఱకే. బోర్డు ఊరకుండలేదు. ఉపనాయకునకు క్రింద మఱొక ఉపనాయకుడను క్రొత్త పదవిని కల్పించి ఈయనకు కట్టబెట్టెను. బంతి విసరుటకు గాని, కొట్టుటకు గాని, పట్టుటకు గాని అట్టి పదవితో పనిలేదు. పుచ్చుకొన్న సొమ్మునకు చెల్లుచీటీ మాత్రమే యది. అనారోగ్యమని చెప్పి ఈయన ఆ యాత్రకు పోలేదు.

ఆ యాత్రకు నాయకుడుగా వెళ్లిన పోరుబందరు మహారాజుగూడ రాజే. కాని ఆయన తన యాట యేపాటిదో తా నెఱిగినవాడు. 1932 జూన్ 25వ తేదీని లార్డ్సులో మన దేశపు మొదటి టెస్టు ఆట ప్రారంభమైనప్పుడు ఆయన ప్రక్కకు తొలగి, కనకయ్య నాయుడునకు నాయకత్వము నొసగెను. ఆయన చేసిన పరుగుల నెవరును జ్ఞాపకముంచుకొనలేదు. చేసిన యీ పనిని మాత్రము జ్ఞాపకముంచుకొనిరి.

విజ్జీకి ఈ పాఠము పట్టలేదు. ఆనాటి రాజప్రతినిధి వెల్లింగ్డన్ ప్రభువునకు పాటియాలావారిపై ప్రసన్నత తగ్గుకొలది, విజ్జీపై నది పెరిగినది. ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా మైదానమున విజ్జీ ఆ ప్రభువు పేర మండపమును కట్టించెను. దేశపు రాష్ట్రజట్ల పోటీకి పాటియాలా మహారాజు రంజిత్ సింహుని పేర బంగారు కప్పు నియ్యగా, ఈయన వెల్లింగ్డన్ పేర మఱొక బంగారు కప్పును దానికి పోటీగా తెచ్చెను. తుదకు రంజీ పేరే నిలిచినది. గుడికి గోపురము కట్టించినవాడు పూజ్యుడే; అంతమాత్రమున నాయన అర్చకత్వము నడుగడు. విజ్జీ యడిగినది అర్చకత్వమే.

1936లో మరల ఇంగ్లండు యాత్ర సంప్రాప్తమయ్యెను. మొదట నిర్ణయింపబడిన పటౌడీ నవాబు అనారోగ్యముచే విరమించుకొనెను. ఆటనుబట్టి యెన్నుకొన్నచో కనకయ్య నాయుడునకు సాటి లేదు. 1932లో నొక టెస్టునకును, 1933–34లో మూడు టెస్టులకును ఆయనయే నాయకుడు. కాని బోర్డు సభ్యులు విజ్జీని ఎన్నుకొనిరి. ఒక్కొక్క వోటునకు రొక్క మియ్యబడినదని మేము చెప్పుట లేదు. అట్టి యక్కర లేకపోయెననుటయే గమనింపదగిన సంగతి. పదేండ్లుగా నొకని సొమ్ముతో నడచిన క్రీడారంగములో, ఆయన కోరినదానిని కాదనుటకు నోరెవరికి వచ్చును? లంచమున కిచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, దినము, గడియ యనునవి యుండును, పట్టుకొనవచ్చును. మొగమోటమునకు అవి యేవియు లేవు. చట్టమునకు జిక్కని లంచము మొగమోటమే.

ముప్పదియారు పెట్టెల సామానుతోను, ఇద్దరు సేవకులతోను ఆయన ఓడ యెక్కెనని చెప్పుదురు. ఇంగ్లండులో జట్టు రెండు ముఠాలయ్యెను. నాయుడుగారి నాదరించువారు నాయకునకు గిట్టనివారైరి. 1933 డిసెంబరులో బొంబాయిలో మన దేశమునకు మొట్టమొదటి టెస్టు శతకము సాధించిన లాలా అమర్‌నాథ్, ఈ యాత్రలో పరుగులయందును వికెట్లయందును ముందువరుసలో నుండెను. జూన్ నెలలో లార్డ్సున నొక ఆటలో ఆయనను బ్యాటింగునకు సిద్ధము కమ్మని చెప్పి, చాలసేపు కూర్చుండబెట్టి, ఇతరులను ముందు పంపిరి. తుదకు వచ్చిన కొద్ది సమయములో నాడి తిరిగివచ్చిన అమర్‌నాథ్ కోపముతో సామాను విసరి, తన పంజాబీలో నేమేమో గొణిగెను. విజ్జీయు, జట్టు మేనేజరగు మేజర్ బ్రిట్టన్ జోన్సును కలిసి, మొదటి టెస్టునకు కొన్ని దినములు ముందుగా నాయనను స్వదేశమునకు పంపివేసిరి. జట్టులోని మేటి ఆటగాడు ఓడలో నుండగా జట్టు టెస్టు ఆడినది. ఆ మూడు టెస్టులును పోగా, దేశమునకు టెస్టులే లేని కాలము నడుమ వచ్చుటచే, 1946లో గాని ఆయనకు మరల టెస్టు ఆడు భాగ్యము కలుగలేదు.

విజ్జీ మూడు టెస్టులలోను నాయకుడుగా నాడి, ఆరు ఇన్నింగ్సులలో 33 పరుగులు చేసెను. బంతిని సులభముగా విసరుటకై ఎదిరిజట్ల నాయకులకు కానుక లిచ్చెనని వదంతి పుట్టెను. ఉదయఫలాహారపు వేళ అందరియెదుట నాయుడుగారిని నిందించినందుకు ప్రతిఫలముగా బాకా జిలానీకి టెస్టులో చోటు దొరకెనని ఆనాటివారు చెప్పుకొనిరి. ఇట్టి వదంతులలో నిజమెంతయో తూచుటకన్న, వానిని తోటి ఆటగాండ్రే నమ్మిరనుట పెద్ద సంగతి. నాయకునిపై నమ్మకము చెడినచో ప్రతి నిర్ణయమును బేరమువలెనే కనబడును. జిలానీ యాడిన టెస్టదొక్కటియే. ఓవల్ మైదానమున నడచిన ఆ యాటయే కనకయ్య నాయుడునకు తుది టెస్టు. వేగముగా వచ్చిన బంతి దెబ్బ తగిలియు, నలుబదియేండ్లు దాటిన ఆ వీరుడు నిలిచి 81 పరుగులు చేసి తన టెస్టు జీవితమును ముగించెను. మాంచెస్టరులో విజయ్ మర్చంటును ముస్తాక్ అలీయును మొదటి వికెట్టునకు 203 పరుగులు చేర్చిరి. ఇంత నేర్పరులున్న జట్టు రెండు టెస్టులలో నోడి, ఒకదానిని సమముగా ముగించెను. ఆ వేసవియందే ఆంగ్లప్రభువు విజ్జీకి సర్ బిరుదము నొసగెను. జట్టున కోటమి, నాయకునకు బిరుదము!

దేశమున గగ్గోలు పుట్టగా, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంటు అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. 1937 జనవరిలో తీర్పు బయటకు వచ్చినది. అమర్‌నాథ్ నిర్దోషి యని తేలెను. నాయకునకు ఆటగాండ్రను మైదానమున నిలుపుట గాని, బంతి విసరువారిని మార్చుట గాని తెలియదనియు, బ్యాటింగు వరుసకు నియమమే లేదనియు, నాయకత్వము అనర్థదాయకమైనదనియు సంఘము నిర్ణయించెను. నిందయంతయు విజ్జీపై బడినది. అది కొంతవరకు న్యాయమే. కాని ఆటలో నాయకుని అసమర్థత యాత్రకు ముందు తెలియని రహస్యమా? తెలిసియు వోటు వేసినవారెవరు? వారి పేర్లను నేడెవ్వరును చెప్పుకొనరు. కొన్నవాని పేరు చరిత్రలో నిలిచినది. అమ్మినవారు పెద్దమనుష్యులుగానే యిండ్లకు పోయిరి. ఆటల సంఘములు చెడుటలో నెల్లప్పుడును జరుగునది యిదియే.

ఆయన శేషజీవితమును చెప్పకున్న మేము న్యాయము తప్పినవారమగుదుము. కొంతకాలము విజ్జీ క్రికెట్టునుండి తొలగియుండెను. 1947 జులైలో, స్వాతంత్ర్యోదయమునకు ముందు, తాను పొందిన సర్ బిరుదమును విడిచిపెట్టెను. తరువాత ఉత్తరప్రదేశమున క్రికెట్టు వృద్ధికి పాటుపడెను. 1952లో అమర్‌నాథ్ మరల భారత జట్టునకు నాయకుడగుటకు తోడ్పడినవారిలో, పదునారేండ్లక్రింద నాయనను ఓడ యెక్కించిన ఈ విజ్జీయే ముఖ్యుడు. ఆ సంవత్సరము అమర్‌నాథ్ నాయకత్వమున మనవారు పాకిస్తానుపై రెండు టెస్టులు గెలిచి, ఒకటి యోడి, పందెము నెగ్గిరి. 1954లో విజ్జీ బోర్డు అధ్యక్షుడయ్యెను. 1956–57లో అరువదియొక్క యేండ్ల కనకయ్య నాయుడు ఉత్తరప్రదేశపు జట్టునకు నాయకుడయ్యెను. ఆయన నచ్చటకు ఆహ్వానించినది విజ్జీయే. తాను నొప్పించిన ఇరువురకును తానే చేయి చాచుట చిన్న సంగతి కాదు. తప్పును నోటితో నొప్పుకొనలేని పెద్దమనుష్యులు చేతలతో నొప్పుకొనుట మన పల్లెలలోను చూచుచుందుము.

1958లో ఆయనకు పద్మభూషణ బిరుదము లభించెను. 1960లోను, మరల 1962లోను విశాఖపట్టణపు ప్రజలు ఆయనను లోకసభకు పంపిరి. ఆటల వ్యాఖ్యాతగాగూడ ఆయన స్వరము రేడియోలో వినబడుచుండెను. 1965 డిసెంబరు 2వ తేదీని కాశీలో పరమపదించెను. విశ్వవిద్యాలయపు జట్ల పోటీయొకటి ఆయన పేరుమీదుగా నేటికిని విజ్జీ ట్రోఫీ యని పిలువబడుచున్నది. పోటీలో తాను లేడు గనుక, ఆ కప్పును గెలిచినవాని గెలుపుపై నెవ్వరికిని సందేహము లేదు.

విజ్జీ యుగము గడచినది, సంస్థానములును పోయినవి. కాని దాతయే నిర్ణేత యగు పద్ధతి పోయినదా? 2013లో ఐ.పి.యల్. పోటీలలో జూదపు బాగోతము బయటపడినప్పుడు, బోర్డు పెద్దలకే పోటీలోని జట్లతో సంబంధమున్న సంగతి దేశము చూచినది. 2016 జులైలో సుప్రీము కోర్టు లోధా సంఘపు సిఫారసులను చాలవరకు ఆమోదించి, మంత్రులు బోర్డు పదవులలో నుండరాదనియు, ఒకే మనుష్యుడు చిరకాలము పదవి నంటిపెట్టుకొని యుండరాదనియు శాసించెను. అందు పదవీకాలపు నియమమును ఆ న్యాయస్థానమే 2022లో సడలించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టమును చేసినది. చట్టములు మంచివే, వానిని నడపువారు ఆటవలన లాభము పొందనివారైనప్పుడే అవి ఫలించును.

మఱొక సంగతి మన దేశాభిమానమునకు కొంత కటువుగా నుండును. ఒకనాడు లార్డ్సులోని పెద్దల తలుపుతట్టి చోటడిగిన మన బోర్డే, కాలక్రమమున ప్రపంచమునందలి క్రికెట్టు బోర్డులలో ధనవంతమైనది. 2014లో మన బోర్డును, ఇంగ్లండు, ఆస్ట్రేలియా బోర్డులును కలిసి, అంతర్జాతీయ సంఘపు ఆదాయములోను అధికారములోను పెద్దపాలు తమకే దక్కునట్లు ఏర్పాటు చేసికొన్నవి. సొమ్ము తెచ్చువారము మేమే గనుక నిర్ణయించువారమును మేమే యని వారు చెప్పిన న్యాయము. 2017లో ఆ యేర్పాటు రద్దయ్యెను. కాని యాలోచింపుడు: 1936లో విజ్జీ బోర్డుతో చేసిన వాదమునకును దీనికిని భేదమేమి? పరులు మనయెడ జూపిన దొరతనము తప్పైనప్పుడు, మనము చిన్నదేశములయెడ జూపు దొరతనము ఒప్పు కాజాలదు.

ఆటకు ధనము కావలెను, ఇచ్చువాడు కావలెను. విజ్జీవంటి దాతలు లేకున్న మన క్రికెట్టు ఆ దినములలో ఓడ యెక్కియుండదు. ఆయన దానము దోషము కాదు. దానమునకు మారుగా నాయకత్వమును అడుగుటయు, అడిగినంతనే సంఘము నోరు మూసికొని యిచ్చుటయు దోషము. ఈ నియమమును నేర్చుకొనుటకు జూరిచ్‌కు గాని లార్డ్సునకు గాని పోనక్కరలేదు. మన తిరునాళ్లలో బండలాగుడునకు బహుమతి నిచ్చు ఆసాములు, తమ యెడ్లు బరిలో నున్ననాడు టేపును పొరుగూరివాని చేతికిచ్చి తాము గట్టుమీద కూర్చున్న చాలును. అట్టి యేడు ఓడిన రైతుగూడ మరుసటి యేడు తన యెడ్లను తోలుకొని వచ్చును.